హరి సార్ బిడ్డ

"పేరెంట్స్ లోపలికి రాకూడదండీ. పిల్లల్ని గేటు దగ్గర దింపేసి వెళ్ళిపోవాలి."

లోవలక్ష్మి ఆ మాట చాలా కచ్చితంగానే అంది. ఆ ఇంటర్నేషనల్ స్కూల్ ఫ్రంట్ ఆఫీసులో ఉద్యోగానికి చేరి ఇంకా వారం కూడా కాలేదు. రూల్సన్నీ కొత్తగా బట్టీ పట్టింది. బట్టీ పట్టినవి ఎక్కడ మర్చిపోతానో అని భయం.

ఎదురుగా నిలబడ్డ మనిషి తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయిపోయి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. బూట్లు చేతిలో ఉన్నాయి. మెడలో మూడు నాలుగు వాటర్ బాటిళ్ళు వేలాడుతున్నాయి. వెనకాల పిల్లలు ఒకరి బ్యాగు ఒకరు పట్టుకుని, రైలుపెట్టెల్లా వరసగా నిలబడ్డారు.

"నేను పేరెంట్‌ను కాదు మేడమ్."

"మరి? బస్సు డ్రైవరా?"

"ఇయ్యాల్టికి గట్లనే అనుకోండ్రి. జెర పక్కకు జరిగితే పిల్లలు లోపలికి పోతరు. చలికి వణుకుతున్నరు."

"లేట్ స్లిప్ లేకుండా ఎలా పంపిస్తానండీ? రూలు కదా."

"ఆలుగడ్డ బావి వంతెన కింద నడుంలోతు నీళ్ళున్నయి. బస్సు ఆడనే ఆగింది. పిల్లలను పై మెట్లెక్కించి ఇవతలికి దింపి నడిపించుకుంట తీస్కొచ్చిన. నీళ్ళకు మీ రూలు తెల్వది మేడమ్!"

పిల్లలు కిసుక్కున నవ్వారు. లోవలక్ష్మికి చెవులు వేడెక్కాయి.

"నీళ్ళకి తెలీకపోతే ఏటండీ, నాకు తెలుసు కదా!"

అంతే. ఆయన కళ్ళలో ఏదో మెరిసింది.

"ఏటండీ!" అని మెల్లగా రుచి చూసినట్టు అన్నాడు. "మస్తుంది మాట. సరే, రాయండ్రి. అందరికీ రాయండ్రి. నాకు సుత ఒకటి రాయండ్రి."

లోవలక్ష్మి మొండిగా స్లిప్పుల కట్ట ముందుకి లాక్కుంది.

"పేరు?"

"హరికిషన్."

"క్లాసు?"

"సిక్స్త్ బి."

పెన్ను ఆగిపోయింది. తలెత్తి చూసింది.

"సిక్స్త్ బి హోమ్‌రూమ్ టీచర్‌ను మేడమ్. జాగ్రఫీ చెప్త," అన్నాడు ఆయన, మెడలో బాటిళ్ళు ఒక్కొక్కటే తీసి ఎవరివి వాళ్ళకి ఇస్తూ. "స్లిప్పు మీద సంతకం ఎవరు పెడ్తరో మరి. టీచర్ పెట్టాలె. టీచర్‌నేమో నేనే."

పిల్లలు ఈసారి కిసుక్కున కాదు, పగలబడి నవ్వారు.

* * *

"నువ్వు హరికిషన్‌కి లేట్ స్లిప్ రాశావా?" అని మధ్యాహ్నం లంచ్‌లో ప్రేమమణి మేడమ్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆవిడ లెక్కల టీచరు. స్కూలు పెట్టిన దగ్గర్నుంచీ ఉంది.

"నాకేం తెలుసండీ? బస్సు డ్యూటీ కూడా టీచర్లే చేస్తారా?"

"బస్సు డ్యూటీ ఒకటేనా? హోమ్‌రూమ్ టీచరంటే పాఠం చెప్పడం సగం ఉద్యోగమే అమ్మా. ఆ పాతికమందిలో ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఎవరింట్లో ఏం గొడవ, అన్నీ వాళ్ళకే. మేమంతా చేస్తాం. కానీ హరి చేసినట్టు ఎవరూ చెయ్యలేరు."

అవి హైటెక్ సిటీలో రోజుకో కంపెనీ బోర్డు లేస్తున్న రోజులు. బోర్డు లేచినప్పుడల్లా ఈ స్కూల్లో అడ్మిషన్లు పెరిగేవి. అమ్మలు పగలు పనిచేసేవారు, నాన్నలు రాత్రి. ఇంటి ముందుకి క్యాబులు వచ్చేవి, పోయేవి. పిల్లలు ఆయాల చేతుల్లో పెరిగేవారు. ఫీజు కట్టే తల్లిదండ్రులకి తీరిక లేదు. ఆ లేని తీరికంతా స్కూల్లో ఎవరో ఒకరు తెచ్చుకోవాలి కదా!

లోవలక్ష్మికి ఇదంతా వింతగా ఉండేది. ఆమెది తుని దగ్గర పల్లె. నాన్న వరహాలబాబు ఉద్యోగం సికింద్రాబాద్ స్టేషన్ పార్సిలు ఆఫీసుకి మారినప్పుడు డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. చిలకలగూడలో ఇల్లు. కంప్యూటర్ కోర్సు ఒకటి చేసి, ఈ ఉద్యోగంలో చేరింది.

మర్నాడు పొద్దున సర్క్యులర్ ఇవ్వడానికి సిక్స్త్ బి గుమ్మం దాకా వెళ్ళింది. లోపల హాజరు తీసుకుంటున్నాడు హరికిషన్. కానీ ఎవరూ 'ప్రెజెంట్' అనడం లేదు.

"ఎండ సార్!" అన్నాడొకడు.

"పొగమంచు సార్. నిద్ర సరిపోలేదు."

"మబ్బు సార్. తమ్ముడు కొట్టాడు."

ఆ పిల్లలు తమ తమ మనసుల వాతావరణం చెబుతున్నారని లోవలక్ష్మికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. జాగ్రఫీ సారు కదా మరి!

చివరి బెంచిలో ఉన్న పిల్ల వంతు వచ్చింది. "ఆలిస్?" అన్నాడు హరికిషన్. ఆ పిల్ల తలెత్తకుండానే, "వాన," అంది.

ఎందుకని ఆయన అడగలేదు. అందరి ముందూ జాలి చూపించలేదు. పెన్నుతో గుర్తు పెట్టుకుని, "వాన రిపోర్టు వచ్చింది. లంచ్‌ల గొడుగు తెస్త," అని తరవాతి పేరుకి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల భుజాలు కొంచెం కిందికి దిగడం లోవలక్ష్మికి గుమ్మం దగ్గర్నుంచే కనిపించింది.

"ఏటండీ మేడమ్ వచ్చిన్రు!" అన్నాడు అప్పుడు ఇటు తిరిగి. "ఫ్రంట్ ఆఫీసుల ఎట్లుంది మేడమ్?"

పాతికమంది పిల్లలు ఆమె వైపే చూస్తున్నారు.

"ఉక్కపోత సార్," అంది లోవలక్ష్మి, సర్క్యులర్‌తో విసురుకుంటూ. సిక్స్త్ బి చప్పట్లు కొట్టింది.

తిరిగి వస్తుంటే కారిడార్లో తనలో తనే నవ్వుకుంటున్నట్టు తెలిసి, చప్పున నోరు మూసుకుంది. బయట మాత్రం ఉక్కపోత కాదు. సన్నగా, చల్లగా, ముగ్గు జల్లినట్టు వాన.

* * *

స్కూలంతటిలో సెల్‌ఫోన్ సిగ్నల్ సరిగ్గా దొరికేది ఒకే చోట. ఫ్రంట్ ఆఫీసు కిటికీ పక్కన, చూరు కింద. పిల్లల బస్సులు వెళ్ళిపోయాక సాయంత్రం టీచర్లంతా అక్కడే ఫోన్లు చేసుకునేవారు. వినకూడదనుకున్నా కిటికీ ఇవతల ఉన్న లోవలక్ష్మి చెవిన పడేది.

"ఆ, రోసమ్మా. నేనే, హరికిషన్‌ను. బిడ్డ తిన్నదా?"

లోవలక్ష్మి కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి.

"తింటలేదా? పెరుగన్నం పెట్టి చూడు, జెర చక్కెర వెయ్యి. ఏడుస్తుందా? ఏడ్వనీ, ఆపకు. పక్కన కూసో, సాలు. అమ్మ యాదికి వస్తది గద, ఏం చేస్తది పాపం. నా బిడ్డ మంచిది రోసమ్మా. నిన్ను తక్లీఫ్ పెట్టది. జెర చూస్కో."

బిడ్డ!

లోవలక్ష్మి ఊళ్ళో బిడ్డ అంటే చంకలో ఉండే పసిపిల్ల. ఇక్కడికి వచ్చాక, పక్కవాటాలో తెలంగాణ ఆవిడ 'మా బిడ్డ పెండ్లి' అంటుంటే విని, ఈ వైపు కూతుర్ని బిడ్డ అంటారని తెలుసుకుంది. ఎటు నుంచి చూసినా ఒకటే అర్థం. హరి సార్‌కి కూతురు ఉంది. అన్నం తినిపించాల్సిన, ఊరుకోబెట్టాల్సిన చిన్న కూతురు.

ఆ రోజు సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇంత చిన్న విషయం గురించి ఆలోచిస్తూ దిగాల్సిన స్టాపు దాటిపోయి, తనమీద తనే విసుక్కుంది.

మర్నాడు లంచ్‌లో ధైర్యం చేసింది. "ప్రేమమణి మేడమ్, హరి సార్ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తారు కదా, ఆ పాప..."

"ఓ, ఆ పాపా?" ప్రేమమణి చపాతీ నములుతూ నిట్టూర్చింది. "నీకు తెలీదు కదూ. వాళ్ళమ్మ లేదు. వేసవి సెలవుల్నుంచీ లేదు. ఇంట్లో ఆయా ఉంది, రోసమ్మ. అయినా తిండి, నిద్ర, చదువు అన్నీ హరియే కనుక్కుంటాడు. ఎంత ఓపికో ఆ మనిషికి!"

అమ్మ లేదు!

లోవలక్ష్మి టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది. పిల్లలందరినీ నవ్విస్తూ తిరిగే ఆ మనిషి ఇంట్లో ఇంత దుఃఖం ఉందా? తడిసిన బట్టలతో, మెడలో బాటిళ్ళతో నిలబడి జోకులు వేసింది ఈయనేనా?

ఆ విసుగు ఆ రోజుతో పోయింది. దాని స్థానంలో ఇంకేదో వచ్చి కూర్చుంది. అది మరింత ప్రమాదకరమైనది.

* * *

వారం తిరిగాక చిన్న పొట్లం ఒకటి కిటికీలోంచి అందించింది.

"ఏంది మేడమ్ ఇది?"

"తాండ్రండీ. మామిడి తాండ్ర. మా ఊరి నుంచి వచ్చింది. మీ బిడ్డకి ఇవ్వండి."

హరికిషన్ ఆశ్చర్యపోయాడు. "నా బిడ్డకా? మీకెట్ల తెలుసు?"

"ప్రేమమణి మేడమ్ చెప్పారు. తప్పుగా అనుకోకండి."

"తప్పేముంది?" ఆయన పొట్లం జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. "నేనొక్కన్నే పరేషాన్ అయితున్న అనుకున్న. ఇంకొకరు పట్టించుకుంటే మంచిగనిపిస్తది."

మర్నాడు పొద్దున తనే కిటికీ దగ్గరికి వచ్చాడు. "మొత్తం తిన్నది! ఎన్ని దినాల తర్వాత నవ్విందో! వచ్చి మీకు థాంక్స్ చెప్పుమన్న. సిగ్గు పడుతున్నది."

"పసిపిల్లని అలా బలవంత పెడతారేటండీ! ఒకరోజు నేనే వచ్చి చూస్తానులెండి."

"ఎప్పుడైన చూడొచ్చు," అన్నాడు హరికిషన్, ఇందులో ఇంత ఆలోచన దేనికో అర్థంకాక.

అలా మొదలైంది. 'ఏటండీ' అని ఆయన, 'ఏందీ' అని ఆమె. ఆయనకి బస్సు డ్యూటీ లేని రోజున ఇద్దరూ బస్టాపు దాకా కలిసి నడిచేవారు. ఆయన మాటల్లో సగం సిక్స్త్ బి కబుర్లే. పరీక్షలో చూసి రాసినవాణ్ణి తిట్టకుండా, తనకి ఎదురుగా కూర్చోబెట్టుకుని అదే పేపరు మళ్ళీ రాయించాడట. "వాడికి దొంగతనం రాదు మేడమ్, భయం వచ్చు. భయం తీసేస్తే సాలు," అన్నాడు. చెప్పేది గొప్ప కోసం కాదు. అన్నం వండిన మనిషి ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగేవాడు: "నేను చేసింది సరిగ్గనే ఉన్నదా?"

ఇంత మంచి మనిషి ఎవరి దగ్గరా తన బాధ చెప్పుకోడే అనుకునేది లోవలక్ష్మి. చనిపోయిన భార్య మాట ఆయన ఒక్కసారైనా ఎత్తకపోవడం ఆమెకి పెద్ద గౌరవంగా కనిపించేది.

ఒక రోజు సాయంత్రం బస్టాపులో రేకు మీద వాన దబదబా కొడుతోంది. బస్సు జాడ లేదు.

"మీ బిడ్డకి నేనంటే ఇష్టం ఉంటుందా సార్?" అంది లోవలక్ష్మి, ఎటో చూస్తూ.

"నా బిడ్డకు మీరంటే ఇష్టమే." ఆయన గొడుగు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. "నాకు సుత."

వాన చప్పుడులో సరిగ్గా విన్నానా లేదా అని ఆమె ఇటు తిరిగింది. పాతికమంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే సార్‌కి, నిలబడ్డ చోట కాళ్ళు నిలవడం లేదు.

"మా అమ్మకు చెప్పిన. చూస్తనన్నది. మేమే మీ ఇంటికి రావాలె కని, మా నాయిన కాలికి కట్టున్నది, బస్సెక్కలేడు. ఆదివారం మీ అమ్మానాయినలతోని కాప్రా వస్తరా?"

బస్సు వచ్చింది. ఎక్కేసింది. కదిలాక కిటికీలోంచి తల బయటికి పెట్టి, వానలో అరిచింది.

"వస్తామండీ!"

* * *

"రెండో పెళ్ళివాడికా?" అంది అమ్మన్నమ్మ. గరిట చేతిలోనే ఉంది. పులుసు అడుగంటుతోంది. "ఓలమ్మో, పిల్ల కూడానా? ఏటే లోవా, నీకేం తక్కువైందే!"

"తక్కువై కాదమ్మా."

"నీకు తెలీదే. కన్న పిల్లని పెంచడానికే నాకు గుండె చాలేది కాదు. నీకు కాస్త ఒళ్ళు వెచ్చబడితే దేవుళ్ళందరికీ మొక్కేసేదాన్ని. పరాయి పిల్ల జ్వరంతో మూలుగుతుంటే ఏం చేస్తావు? రేప్పొద్దున 'నువ్వు మా అమ్మవి కావు' అంటే ఏం చెబుతావు?"

"కాదనే చెబుతాను. కాదు కదా. అన్నం మాత్రం పెడతాను."

అమ్మన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వరహాలబాబు చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మర్నాడు డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చాడు. అన్నం ముందు కూర్చున్నాక, అప్పుడు నోరు విప్పాడు.

"స్కూలుకి వెళ్ళొచ్చాను. లోపలికి కాదు. ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాను."

తల్లీ కూతుళ్ళు దగ్గరికి జరిగారు.

"బస్సులన్నీ వెళ్ళిపోయాయి. ఒక పిల్ల ఉండిపోయింది. ఆ అబ్బాయి పిట్టగోడ మీద దాని పక్కనే కూర్చున్నాడు. మబ్బుల వైపు చూపించి ఏదో చెబుతున్నాడు. పిల్ల నవ్వుతోంది. చాలాసేపటికి కారొచ్చింది. ఆ తండ్రి ఎవరో అద్దం దింపి, ఆలస్యం తనదే అయినా ఇతని మీదే విసుక్కున్నాడు. ఇతను ఒక్క మాట తిరిగి అనలేదు. పిల్ల ముందు తండ్రిని తక్కువ చెయ్యలేదే అమ్మన్నా! 'నాన్న వచ్చేశాడు చూడు' అని నవ్వుతూ కారెక్కించాడు."

చారు కలుపుకున్నాడు.

"ఎవరి పిల్లనో అలా చూసుకున్నవాడు మన పిల్లని ఎలా చూసుకుంటాడో నాకు తెలిసింది. ఆదివారం వెళ్దాం."

అమ్మన్నమ్మ శనివారం మోండా మార్కెట్ వెళ్ళింది. కూరలకని వెళ్ళి, నీలంరంగు గౌను ఒకటి కొనుక్కొచ్చింది. జేబుల మీద బాతుపిల్లలు కుట్టిన గౌను. "నాలుగేళ్ళుంటాయేమో," అంది ఎవరి మొహమూ చూడకుండా. "పెద్దదైతే వచ్చే ఏడు వేసుకుంటుంది."

* * *

కాప్రా చెరువు వైపు గల్లీలో, ముందు వేపచెట్టు ఉన్న చిన్న డాబా ఇల్లు. హరికిషన్ తల్లి బాలమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. తండ్రి సోమయ్య కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"రా బిడ్డా, రా! ఎండల పడి వచ్చినవ్. కూసో బిడ్డా!"

అమ్మన్నమ్మ గబుక్కున వెనక్కి తిరిగి చూసింది, పాప వెనకాల ఎక్కడ ఉందో అని. ఎవరూ లేరు. బాలమ్మ లోవలక్ష్మి చెయ్యి పట్టుకుని నవ్వుతోంది.

టీ వచ్చింది. సకినాలు వచ్చాయి. హరికిషన్ ఇస్త్రీ చొక్కాలో, మొదటిరోజు స్కూలుకి వచ్చిన పిల్లాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. అమ్మన్నమ్మ కళ్ళు మాత్రం లోపలి గుమ్మం వైపే ఉన్నాయి. చివరికి ఉండబట్టలేకపోయింది.

"పాప నిద్రపోతోందేటండీ?"

"ఏ పాప?" అంది బాలమ్మ.

"అదేనండీ, మీ మనవరాలు. ఒకసారి చూపిస్తే..." సంచీలోంచి గౌను తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మీరేం బెంగ పెట్టుకోకండి. తల్లి లేని పిల్లని మా లోవ కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటుంది. మేం మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాం."

బాలమ్మ గౌను వైపు చూసింది. బాతుపిల్లల వైపు చూసింది. మెల్లగా కొడుకు వైపు తిరిగింది.

"ఏందిరా ఇది? ఏందీ?"

"అమ్మా, నాకేం తెల్వది..."

"మనవరాలంటున్నరు! తల్లి లేదంటున్నరు! ఎప్పుడు చేస్కున్నవురా పెండ్లి? ఏడ దాచినవురా పిల్లను? బడికి పోతున్న బడికి పోతున్న అంటివి, గీ పనికేనారా!"

"ఓ బాలమ్మా, జెర ఆగు," అని సోమయ్య కట్టు ఉన్న కాలితోనే లేవబోయాడు.

వరహాలబాబు మొహం నల్లబడింది. "అంటే, కన్నవాళ్ళకి కూడా చెప్పలేదా బాబూ?" అన్నాడు. చేతిలో టీ కప్పు కింద పెట్టేశాడు. పద అన్నట్టు భార్య వైపు చూశాడు. ఈ సంబంధం ఈ గుమ్మంలోనే ముగిసిపోతోందని అందరికీ అర్థమైంది.

లోవలక్ష్మి లేచి నిలబడింది.

"మీరే కదండీ రోజూ కిటికీ దగ్గర... 'రోసమ్మా, నా బిడ్డ తిన్నదా' అని... అమ్మ గుర్తొచ్చి ఏడుస్తోందని..."

హరికిషన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఆలిస్!" అన్నాడు. "అది ఆలిస్ మేడమ్! మా సిక్స్త్ బి ఆలిస్!"

"ఆలిసా?"

"వాళ్ళమ్మకు బెంగుళూర్ల ప్రాజెక్ట్ పడ్డది. దసరా దాంక రాదు. నాయినకు నైట్ షిఫ్ట్. రోసమ్మ వాళ్ళింట్ల ఆయా. పిల్ల తిండి మానేసింది, రోజూ జెర కనుక్కోండ్రని వాళ్ళమ్మే నన్ను అడిగింది!"

"ప్రేమమణి మేడమ్ 'వాళ్ళమ్మ లేదు' అన్నారు..."

"ఊళ్ళె లేదు!"

"'నా బిడ్డ' అన్నారు మీరు!"

"మరేమంటరు? నా క్లాసుల ఆడపిల్లలంత నా బిడ్డలే! ఇప్పుడు మా అమ్మ మిమ్మల్ని బిడ్డా అనలేదా? మా దిక్కు గట్లనే అంటరు!"

అందరికంటే ముందు నవ్వింది సోమయ్య. కాలు పట్టుకుని మరీ నవ్వాడు. తరవాత వరహాలబాబు భుజాలు కదిలాయి. "నన్ను ఇన్నాళ్ళు ఏడిపించావు కదే!" అని అమ్మన్నమ్మ కూతురి వీపు మీద ఒక్కటి వేసి, అదే చేత్తో కళ్ళు ఒత్తుకుంది.

లోవలక్ష్మి మాత్రం నవ్వలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి వెళ్ళిపోయింది.

హరికిషన్ వెనకే వచ్చాడు. "సిగ్గయితుందా? నాకు సుత అయితుంది. నేనన్న పూరాగ చెప్పాల్సింది."

"సిగ్గు కాదండీ." ఆమె వేపచెట్టు వైపు చూస్తోంది. "ఇన్నాళ్ళూ ఆ పాప కోసం ఆలోచించాను. దానికి ఏం ఇష్టమో, నన్ను చూసి ఏడుస్తుందేమో అని. పక్కింటి పిల్ల తల ముందేసుకుని రకరకాల జడలు నేర్చుకున్నాను. ఇప్పుడేమో అది లేదంటున్నారు. లేనిదాని కోసం ఇంత దిగులేటో నాకే అర్థం కావట్లేదు."

నవ్వబోయిన హరికిషన్ ఆగిపోయాడు.

"నాకు పెండ్లయింది, బిడ్డున్నది అనుకొని సుత వచ్చినవా?" అన్నాడు చివరికి. మేడమ్ అనడం, మీరు అనడం ఎక్కడ జారిపోయాయో ఆయనకే తెలీలేదు.

"అనుకునే వచ్చాను. ఎవరి పిల్లయినా మీరు ఎలా చూసుకుంటారో చూశాను కదా. ఆ మనిషి ఇంటికి రావడానికి నాకు భయం వెయ్యలేదు."

గుమ్మంలో బాలమ్మ నిలబడి అంతా వింది. చప్పున వచ్చి, కొడుకుని పక్కకి తోసి, లోవలక్ష్మి రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది.

"వదినా!" అని లోపలికి కేకేసింది. "లేని బిడ్డకు తల్లి అయ్యేటందుకు వచ్చింది మీ పిల్ల! ఉన్న నా కొడుకును చూస్కోదా? దినం చూడమనుండ్రి అన్నను!"

"దసరా సెలవులల్ల పెట్టుకుందామే. మధ్యల పెడితే పిల్లలకు పాఠాలు పోతయ్," అన్నాడు హరికిషన్.

"విన్నవా?" అంది బాలమ్మ కోడలితో. "గిట్లనే ఉంటది వీనితోని. ఇంట్ల తక్కువ, బడిల ఎక్కువ. తట్టుకుంటవా?"

"నేనూ బడిలోనే ఉంటానండీ," అంది లోవలక్ష్మి.

* * *

సోమవారం పొద్దున మొదటి బస్సు వచ్చేసరికే లోవలక్ష్మి ఫ్రంట్ ఆఫీసు తలుపు తీసి ఉంచింది. ఆలిస్ లోపలికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్ మిమ్మల్ని కలవమన్నారు మేడమ్."

"ఇలా రా. ఇటు తిరిగి కూర్చో."

రోసమ్మ హడావుడిగా బిగించిన రబ్బరుబ్యాండు తీసింది. చిక్కులు ఒక్కొక్కటే, నొప్పి తెలీకుండా విడదీసింది. పాపట తీసి, చెవి పక్కనుంచి పాయలు కలుపుకుంటూ వెనక్కి అల్లుకొచ్చింది. మొదట బిగుసుకున్న ఆ చిన్న మెడ మెల్లగా ఆమె చేతుల్లోకి వాలింది.

"మేడమ్, మీకు పాప ఉందా?"

"లేదమ్మా."

"మరి ఇంత మంచి జడ ఎలా వచ్చు?"

"ఈ మధ్యే నేర్చుకున్నాను."

"పాప లేకుండా ఎవరి కోసం నేర్చుకున్నారు?"

లోవలక్ష్మి రిబ్బను ముడి వేసి, దాని రెండు కొసలూ సమానంగా లాగింది.

"ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారని. మీ అమ్మ వచ్చేదాకా రోజూ రా."

ఆలిస్ జడ ముందుకి వేసుకుని, తడిమి చూసుకుని, బ్యాగు తీసుకుని పరిగెత్తింది. గుమ్మంలో అటెండెన్స్ రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ హరికిషన్ ఆ పిల్లకి దారిచ్చాడు. గంట మోగింది. కారిడారంతా పిల్లలతో నిండిపోయింది. సిక్స్త్ బి అవతల గోల చేస్తూనే ఉంది. సారు మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.